బూడిదలో పోసిన మందు

దోసపాదు తెల్లబడగానే రైతు మందుల కొట్టుకు పరుగెడతాడు. అప్పటికే వారం ఆలస్యమైపోయి ఉంటుంది. బూడిద తెగులు ఎలా వస్తుంది, ఎక్కడ మొదలవుతుంది, మిరపకు పనిచేసిన గంధకం దోసని ఎందుకు మాడ్చేస్తుంది?

దోసాకు మీద బూడిద కనిపిస్తే పల్లెటూళ్లో రెండు అర్థాలు. ఒకటి, ఆ ఇంటావిడ పొద్దున్నే మంచు తడి ఆరకముందు పొయ్యిలో బూడిద తెచ్చి చల్లిందని. ఎర్ర పెంకు పురుగులు లేత ఆకుల్ని జల్లెడ చేస్తుంటే, కట్టెల పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ చేసిన వైద్యం అదే. రెండోది, ఎవరూ ఏమీ చల్లలేదు, బూడిద దానంతటదే వచ్చిందని! మొదటి బూడిద చెంబుడు నీళ్లు చిలకరిస్తే పోతుంది. రెండోది వేలితో తుడిస్తే పోయినట్టే పోయి, నాలుగు రోజులు తిరిగేసరికి రెట్టింపై కూర్చుంటుంది. అదే బూడిద తెగులు.

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో ఉంటుంది చేబ్రోలు. కోనేటి మధ్య చతుర్ముఖ బ్రహ్మ కొలువైన ఊరుగా దానికి పేరు. వ్యవసాయం సంగతికొస్తే మాత్రం అది రెండు నేలలు కలిసే చోటు. వడ్లమూడి, సుద్దపల్లి వైపు గ్రావెల్ క్వారీలు తవ్వే ఎర్రమట్టి. అటు నుంచి దిగితే కృష్ణా పశ్చిమ డెల్టా నల్ల మాగాణి. మెరకన పందిరి వేసి దోస, బీర, కాకర. పల్లాన వరి, వరి వెనకే మినుము. రెండుచోట్లా పంటలు వేరు, పెట్టుబడులు వేరు. బూడిద మాత్రం సంక్రాంతికి కాస్త అటూఇటూగా ఇద్దరి చేలోనూ ఒకేసారి దిగుతుంది. అందుకే దోస కథ చెప్పుకోవాలంటే మధ్యలో మినుము కథ కూడా వస్తుంది.

వానకి కాదు, మంచుకి!

తెగులు అనగానే రైతు మొదట తిట్టుకునేది ముసురుని. నాలుగు రోజులు వాన పట్టి ఆకు తడిసి ముద్దయితే కుళ్లు వస్తుంది, మచ్చ వస్తుంది. ఇది తరతరాల అనుభవం, చాలా తెగుళ్ల విషయంలో నిజం కూడా. బూడిద తెగులు దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. మామూలు శిలీంధ్రాల బీజం మొలకెత్తాలంటే ఆకు మీద నీటిబొట్టు ఉండాలి. దీనికి అక్కర్లేదు. తనకు కావలసిన నీటిని తన కడుపులోనే మూటగట్టుకుని వస్తుంది. పైగా నిజంగా నీళ్లు పడితే చాలా బీజాలు పగిలి చచ్చిపోతాయి. గట్టి వాన కురిస్తే ఆకులు కడిగినట్టై తెగులు వెనకడుగు వేసేది అందుకే.

మరి దానికేం కావాలి? పొడి ఆకు, తేమగాలి. రాత్రి చల్లగా, పగలు హాయిగా ఉండే వాతావరణం. 20 నుంచి 27 డిగ్రీల మధ్య దానికి పండగే. దట్టంగా కమ్ముకున్న తీగల కింద ఎండ తగలని నీడ దొరికితే ఇక చెప్పక్కర్లేదు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన కోస్తాలో దొరికేది సరిగ్గా ఇదే. పొద్దున్నే మంచు, మధ్యాహ్నం ఎండ, వాన చుక్క లేదు. మనుషులకు ఏడాదిలోకెల్లా సుఖమైన కాలం ఏదో బూడిద తెగులుకూ అదే. ఏప్రిల్ దాటి ఎండ 38 డిగ్రీలు మించితే దాని జోరు దానంతటదే తగ్గిపోతుంది. అప్పటికి పాదులో మిగిలేదేముంది!

ఒక బీజం గాలికి ఎగిరి వచ్చి ఆకు మీద వాలి, మొలిచి, మళ్లీ వేల బీజాలు గాల్లోకి వదలడానికి మూడు నుంచి ఏడు రోజులు చాలు. ఇవాళ పది ఆకుల మీద చుక్కలుంటే వచ్చే ఆదివారానికి మడి మడంతా తెల్లబడటం ఇందువల్లే. రాత్రికి రాత్రే వచ్చిందని రైతు అనుకుంటాడు. నిజానికి అది వారం పదిరోజుల ముందే వచ్చి, ఎవరూ చూడని చోట కాపురం పెట్టింది.

ఆ చోటు ఏదంటే... పాదు మొదట్లో నీడలో ఉన్న ముదురాకు అడుగుభాగం. విచ్చుకుని రెండు మూడు వారాలైన ఆకుని అది ఎక్కువగా ఇష్టపడుతుంది. మనం చేను చూసేదేమో గట్టు మీద నిలబడి. కనిపించేవి చిగుళ్లు, పూలు, పిందెలు. అవన్నీ పచ్చగా నవనవలాడుతుంటాయి. కింద పావలా బిళ్లంత గుండ్రటి తెల్ల మచ్చలు నాలుగైదు పడ్డ సంగతి వంగి, తీగ ఎత్తి, ఆకు తిప్పి చూస్తే తప్ప తెలియదు.

కోత వేళకి కొట్టే దెబ్బ

ఈ తెగులు కాయని ముట్టుకోవడం అరుదు. మొక్కని వెంటనే చంపదు కూడా. దీని శిలీంధ్రం బతికున్న ఆకు మీద తప్ప బతకలేదు. ఆకు పైపొరలోకి సన్నటి వేళ్లలాంటివి దించి రసం పీల్చుకుంటుంది, మిగతా ఒళ్లంతా ఆకు బయటే పరుచుకుంటుంది. మనకు కనిపించే బూడిద అదే. మెల్లగా ఆకు పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, కాగితంలా ఎండుతుంది. ఆకు పోయాక కాయకి తిండి పెట్టేదెవరు? పిందెలు రాలతాయి. ఉన్న కాయ గిడసబారుతుంది. నీడ పోవడంతో ఎండ నేరుగా తగిలి తెల్లగా కమిలిపోతుంది.

అసలు దెబ్బ రోజుల లెక్కలో ఉంది. దోస విత్తాక మొదటి కోత రావడానికి 45, 50 రోజులు పడుతుంది. అక్కణ్నుంచి రెండు మూడు రోజులకోసారి కోస్తూ పోతే నెలకు పైగా కాపు. విత్తనం, ఎరువు, పందిరి కర్రలు, తాళ్లు, కూలి... పెట్టుబడంతా మొదటి కోతకు ముందే అయిపోయి ఉంటుంది. మొదటి నాలుగైదు కోతలు అప్పు తీర్చడానికి సరిపోతే, మిగిలే డబ్బులు వెనకటి కోతల్లోనే. బూడిద తెగులు సరిగ్గా పూత కాపు మీదున్నప్పుడు మొదలై ఆ వెనకటి కోతల్ని ఎత్తుకుపోతుంది. కౌలు ముందే కట్టేసి చేసుకుంటున్న రైతుకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

బూజా... బూడిదా?

మందుల కొట్టు ముందు పది నిమిషాలు నిలబడితే వినిపించే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

‘‘అబ్బాయ్, దోసాకు తెల్లబడుతోందిరా. మంచి మందేదన్నా ఇయ్యి.’’

‘‘బూజా, బూడిదా బాబాయ్?’’

‘‘ఏదో ఒకటి లేరా. తెల్లగా ఉందని చెప్పాగా.’’

‘‘అయితే రెండిటికీ ఇస్తా, కలిపి కొట్టెయ్. టానిక్కు కూడా పోయి, చిగురు బాగా వస్తుంది.’’

రెండు పేర్లూ ‘బూ’తో మొదలైనంత మాత్రాన ఒకటే జబ్బు కాదు. బూజు తెగులు వస్తే ఆకు పైభాగాన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు పడతాయి. అదే ఆకుని తెల్లవారుజామున తిప్పి చూస్తే అడుగున ఊదారంగు కలిసిన బూజు కనిపిస్తుంది. అది తడికి వస్తుంది, ముసురుకి విజృంభిస్తుంది. బూడిద తెగులులో మచ్చ గుండ్రంగా, తెల్లగా ఉంటుంది. ఆకు పైనా కిందా రెండువైపులా వస్తుంది. వేలితో రాస్తే ముగ్గుపిండిలా అంటుకుంటుంది. అంతే తేడా. కళ్లజోడు లేకుండా పోల్చుకోవచ్చు.

ఈ తేడా తెలియకపోతే నష్టం జేబుకే. బూజు తెగులు కలిగించే జీవి అసలు శిలీంధ్రాల జాతే కాదు, నాచుకి దగ్గర చుట్టం. అందుకే దాని మీద బ్రహ్మాండంగా పనిచేసే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు బూడిద మీద కొడితే డబ్బు ఖర్చు తప్ప ఫలితం ఉండదు. బూడిద మందు బూజుకి వాడినా దాదాపు అంతే. రెండూ కలిపి కొడితే ఏదో ఒకటి తగులుతుందనేది కొట్టువాడి లెక్క. రెండు డబ్బాలు అమ్ముడుపోతాయి కాబట్టి అతని వరకు ఆ లెక్క సరైనదే!

గంధకంతో చిక్కు

బూడిద తెగులుకి మనిషి కనిపెట్టిన మొదటి మందు గంధకం. 1821లో జాన్ రాబర్ట్‌సన్ అనే తోటల పెంపకందారు పీచ్ చెట్లకు పట్టిన బూడిదకి గంధకమే విరుగుడని లండన్ హార్టికల్చరల్ సొసైటీకి చెప్పాడు. ఆ మాట విలువ పాతికేళ్లకు గానీ తెలిసిరాలేదు. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్ష తీగల మీద తెల్ల బూడిద చూశాడు. కొన్నేళ్లలోనే అది సముద్రం దాటి ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని కమ్మేసింది. 1854 వచ్చేసరికి ఆ దేశపు సారాయి ఉత్పత్తి మునుపటిలో నాలుగో వంతుకు పడిపోయింది. చివరికి తోటలన్నిటి మీదా గంధకం పొడి చల్లుకుంటూ పోతే గానీ ద్రాక్ష తేరుకోలేదు.

మన దగ్గరా గంధకం కొత్తేమీ కాదు. మామిడి పూతకు, మిరపకు, మినుముకు బూడిద పడితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి కొట్టమని వ్యవసాయ శాఖ ఏళ్ల తరబడి చెబుతోంది. చవక. ఏ పల్లెలో అయినా దొరుకుతుంది. మిరప వేసే గుంటూరు జిల్లాలో సగం వాడిన గంధకం పొట్లం లేని పశువుల కొట్టం అరుదు.

చిక్కల్లా ఇక్కడే వస్తోంది. దోస, పుచ్చ, గుమ్మడి, బీర, కాకర... ఈ తీగజాతి ఆకు గంధకాన్ని తట్టుకోలేదు. ముఖ్యంగా ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు కొడితే ఆకు అంచులు కాలినట్టు మాడిపోతాయి. వేపనూనె లాంటిదేదైనా కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టినా అదే గతి. తీగజాతి కూరగాయల మీద గంధకం, రాగి కలిసిన మందులు వాడొద్దని మన విశ్వవిద్యాలయాల సాగు సూచనల్లో ఒక వాక్యం ఉంటుంది. పేజీ చివర్లో చిన్న అక్షరాల్లో! ఆ వాక్యం ముందుండాలి, మందుల పేర్లు తర్వాత ఉండాలి. బూడిద అనగానే గంధకం అని చేతికి అలవాటైపోయిన రైతు, మిరపకు తెచ్చిన పొట్లం మిగిలిందని ఫిబ్రవరి చివర మిట్టమధ్యాహ్నం దోసకు కొడితే, తెగులు తినగా మిగిలిన ఆకుని మందు తినేస్తుంది.

అటకమీది కాగితాలు

ఇంకో ప్రమాదం పాత కాగితాలతో. ఇరవయ్యేళ్ల కిందటి ఏ వ్యవసాయ పత్రిక తిరగేసినా, ఏ పంచాంగం చూసినా బూడిద తెగులు దగ్గర రెండు పేర్లు తప్పనిసరి. కెరాథేన్, కాలిక్సిన్. లీటరు నీటికి ఒక మిల్లీలీటరు. నోటికి వచ్చేసిన లెక్క అది. ఈ రెండూ ఇప్పుడు దేశంలో నిషిద్ధం. కాలిక్సిన్ పేరుతో దొరికిన ట్రైడెమార్ఫ్‌ని కేంద్రం 2018 ఆగస్టులో నిషేధించింది. బూడిద మీద వాడే ఫెనారిమాల్, బెనోమిల్ కూడా ఆ జాబితాలో పోయాయి. కెరాథేన్‌లో ఉండే డైనోకాప్ నిషేధం 2023లో వచ్చింది. పాత పుస్తకం చూసి ఆ పేర్లు అడిగే రైతులు, పాత సరుకు తీసి ఇచ్చే కొట్లు ఎక్కడైనా ఉంటే ఇద్దరూ జాగ్రత్తపడాల్సిందే.

మిగిలినవి ఏమిటి? హెక్సాకొనజోల్, మైక్లోబ్యుటానిల్, డైఫెనకొనజోల్ లాంటివి ఒక కుటుంబం. అజాక్సిస్ట్రోబిన్ మరో కుటుంబం. అజాక్సిస్ట్రోబిన్ డబ్బా మీద కీరదోస పేరు, బూజు, బూడిద రెండింటి పేర్లూ ఉంటాయి. మోతాదు, ఎకరానికి నీళ్లు, కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలి... అన్నీ డబ్బాకి అంటించిన కాగితం మీదే చూసుకోవాలి. మన పంట పేరు అందులో లేకపోతే ఆ మందు మన పంటకు కాదని లెక్క. ఆ చిన్న అక్షరాలు చదవడం కష్టమైతే రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడి చేత చదివించుకోవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

ఒకటే మందుని పట్టుకుని వేలాడటం మరో తప్పు. బూడిద శిలీంధ్రం వారానికో తరం ఎత్తే జీవి. ఏ మందుకైనా తట్టుకునే పిల్లలు దాని సంతానంలో ఎక్కడో ఓ మూల పుడుతూనే ఉంటాయి. బెనోమిల్ అమెరికాలో మార్కెట్‌కి వచ్చిన ఏడాదికే, 1969లో, న్యూయార్క్ రాష్ట్రంలో దోసజాతి మొక్కల మీది బూడిద దానికి లొంగడం మానేసింది. అజాక్సిస్ట్రోబిన్ కుటుంబానికీ 1990ల చివర్లో జపాన్ కీరదోస తోటల్లో అదే అనుభవం. అందుకే ఒకసారి ఒక కుటుంబం, తర్వాతిసారి వేరే కుటుంబం. కొట్టేటప్పుడు ఆకు అడుగు తడవకపోతే మాత్రం ఎంత ఖరీదైన మందైనా బూడిదలో పోసిన పన్నీరే. గొట్టం కిందనుంచి పైకి తిప్పాలి. సాయంత్రం పూట కొట్టాలి. దోస పువ్వు విచ్చుకునేది ఉదయం, తేనెటీగ వచ్చేది అప్పుడే. ఈగ రాకపోతే పిందె నిలవదు, నిలిచినా వంకర కాయ అవుతుంది.

ఇక తినేవాళ్ల సంగతి. బెండకాయనో వంకాయనో ఉడికించుకు తింటాం. కీరదోసని కోసి ఉప్పూ కారం చల్లుకుని పచ్చిదే నమిలేస్తాం, పసిపిల్లల చేతికీ ముక్క ఇస్తాం. రెండు రోజులకోసారి కోత పడే పంట అది. మందు కొట్టిన మర్నాడో, ఆ మర్నాడో కాయ కోయకపోతే ముదిరిపోతుంది, సంతలో ధర ఉండదు. అయిదు రోజులు ఆగమని డబ్బా చెబితే రెండు కోతలు వదులుకోవాలి. ఎవరు వదులుకుంటారు? పోనీ కడుక్కుని తిందామంటే, ఆకులోంచి మొక్క ఒంట్లోకి పాకే మందులు కడిగితే పూర్తిగా పోయేవి కావు. తెగులుని మొదటి వారంలోనే పట్టుకోవాలని ఇంత గట్టిగా చెప్పడం రైతు డబ్బు కోసం మాత్రమే కాదు. పూతకు ముందు, కాయ లేనప్పుడు ఒకసారి కొట్టే మందు వేరు. కోతల మధ్య వారానికోసారి కొట్టే మందు వేరు. అన్నట్టు, బూడిద శిలీంధ్రం మనుషులకు సోకదు. తెల్ల చుక్కలున్న పాదు కాయ తిన్నా ఏమీ కాదు, భయపడక్కర్లేదు.

పాలు పోసి పెంచిన పాదు

మందు వద్దనుకునేవాళ్లకు, మిద్దె మీద నాలుగు తొట్లలో కీరా పెంచుకునేవాళ్లకు ఓ చిత్రమైన దారి ఉంది. పాలు! బ్రెజిల్‌లో వాగ్నర్ బెత్తియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతి జుకినీ మొక్కల మీద ఆవుపాలు చల్లి చూశాడు. నీటిలో పదో వంతు పాలు కలిపి వారానికోసారి చల్లితే బూడిద మీద మందులతో సమానంగా పనిచేసిందని 1999లో ప్రచురించాడు. పాలలోని మాంసకృత్తులకు ఎండ తగిలినప్పుడు జరిగే మార్పే శిలీంధ్రాన్ని చంపుతుందని తర్వాత వచ్చిన వివరణల్లో ఒకటి. వడ్లమూడిలో సంగం డెయిరీని పక్కన పెట్టుకుని ఇన్నాళ్లూ మనకి ఈ ఆలోచన రాలేదంటారా? వచ్చింది, కాస్త వేరే రూపంలో. 2016 నుంచి రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో తెగుళ్లకు వాడేది పుల్లమజ్జిగ. నూరు లీటర్ల నీటికి ఐదారు లీటర్లు.

ఎకరానికి 200 లీటర్ల ద్రావణం కావాలంటే బ్రెజిల్ లెక్కన 20 లీటర్ల పాలు పొయ్యాలి, అదీ వారం వారం. పాడి ఉన్న ఇల్లాలు ఒప్పుకునే బేరం కాదిది. తొట్టి మొక్కలకైతే గ్లాసు పాలకి తొమ్మిది గ్లాసుల నీళ్లు చాలు. ఎండ పొడిగా ఉన్న ఉదయం ఆకు రెండువైపులా చల్లాలి. తెగులు చుక్కలు కనిపించక ముందో, కనిపించిన తొలిరోజో మొదలుపెడితేనే ఫలితం. పాదంతా తెల్లబడ్డాక పాలు పోసినా ఒకటే, పోయకున్నా ఒకటే. వంటసోడా చల్లినా పనిచేస్తుందని చాలామంది చెబుతారు. కొంత నిజమే గానీ అందులోని సోడియం పదేపదే పడితే ఆకు అంచులు మాడతాయి, తొట్టిలో మట్టి చెడుతుంది.

ఇంకో చిన్న సాయగాడున్నాడు. బూడిద పట్టిన ఆకుల మీద నిమ్మపండు రంగులో మెరిసే చిన్న అక్షింతల పురుగు తిరుగుతుంటుంది. రైతుకి అనుమానం వచ్చి పురుగుమందు కొడతాడు. అది తినేది ఆకుని కాదు, బూడిదని! దాని పిల్లపురుగులు తిరిగిన చోట ఆకు తుడిచినట్టు పచ్చగా కనబడుతుంది. ఎకరా చేనుని అదొక్కటే కాపాడలేదు. ఉన్నదాన్ని చంపుకోకుండా ఉంటే చాలు. ఆకుని జల్లెడగా గీకే అక్షింతల పెంకు పురుగు వేరు. అది ఇటుక రంగులో, నల్లచుక్కలతో కాస్త పెద్దదిగా ఉంటుంది.

మినుము చెప్పిన కథ

ఇప్పుడు మాగాణిలోకి దిగుదాం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ చేలోనే మినుములు చల్లేస్తారు. దున్నరు, తడి పెట్టరు. నేలలో మిగిలిన పదును, రాత్రి కురిసే మంచు... వీటితోనే పంట చేతికొస్తుంది. మంచుకి బతికే పంటకి మంచుకొచ్చే తెగులు! ఒకప్పుడు డెల్టా మినుముకు బూడిద పెద్ద గండం. పూత దశలో చేలకు చేలు పిండి చల్లినట్టు తెల్లబడేవి. పోనీ మందు కొడదామంటే ఒత్తుగా అల్లుకున్న మినుము చేలో మనిషి నడిచే దారే ఉండదు.

దానికి జవాబు మందు డబ్బాలోంచి రాలేదు, గింజలోంచి వచ్చింది. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన స్థానం 1980ల్లో ఎల్‌బీజీ 17 అనే మినుము రకాన్ని రైతుకిచ్చింది. ఎల్‌బీజీ అంటే లాం బ్లాక్ గ్రామ్. కృష్ణయ్య అని పేరు. బూడిదను తట్టుకుని నిలబడటమే దాని గొప్ప. వరి వెనక మినుము కోస్తా జిల్లాల్లో అంతగా పరుచుకోవడం వెనక ఆ రకం ఉంది, దాని తోబుట్టువులున్నాయి. లాం ఫారంలో అపరాల మీద ఏళ్ల తరబడి పనిచేసినవారిలో డాక్టర్ ఆలపాటి సత్యనారాయణ ఒకరు. ఆయన్ని తర్వాతి తరం ‘శ్రీ’ వరి సాగు ప్రచారకుడిగా ఎక్కువ ఎరుగును. తర్వాత తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు వచ్చి పాత రకాల్ని పక్కకు నెట్టింది. దాన్ని తట్టుకునే పీయూ 31, ఎల్‌బీజీ 787, టీబీజీ 104 లాంటి రకాలు చేలల్లోకి వచ్చాయి. ఒక తెగులుని తట్టుకునే గింజ అన్నిటినీ తట్టుకోదు, ఆ పని శాస్త్రవేత్తలకు ఎప్పటికీ తెమలదు.

దోసకు అలాంటి గింజ లేదా? ఆ వెతుకులాట కథ కూడా మన దేశం మీదుగానే సాగింది. 1925లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు ఇంపీరియల్ లోయలో ఖర్బూజా తోటల మీద బూడిద విరుచుకుపడింది. పక్కనే కీరా, ఖర్బూజా అడవి చుట్టాలు పుట్టి పెరిగిన భారతదేశం నుంచి వెళ్లిన గింజల్లో తట్టుకునే గుణం కనబడింది. దాంతో సంకరం చేసి 1936లో ‘పీఎంఆర్ 45’ అనే ఖర్బూజా విడుదల చేశారు. రెండేళ్లు తిరిగేసరికి, 1938లో, దాన్నీ తినగలిగే కొత్త రకం బూడిద ఆ లోయలోనే పుట్టుకొచ్చింది! మళ్లీ మరో గింజ, మరో సంకరం. మనం పప్పులో వేసుకునే పసుపు దోసకాయ వృక్షశాస్త్రం ప్రకారం ఈ ఖర్బూజాకి అక్కచెల్లెలే. చేలగట్ల మీద మొలిచే బుడమకాయా ఆ ఇంటిదే. కీరదోస వేరే కొమ్మ.

మన విత్తన దుకాణాల్లో కీరదోస సంకర రకాల పొట్లాల మీద బూడిద తెగులుని తట్టుకుంటుందని రాసి ఉన్నవి దొరుకుతున్నాయి. చలికాలం పంటకు గింజ కొనేటప్పుడు ఆ ఒక్క మాట వెతుక్కోవడం మంచిది. తట్టుకుంటుందంటే రాదని కాదు, వచ్చినా పాదు ఇంకొన్ని కోతలు నిలుస్తుందని. నాటు దోసకైతే ఆ భరోసా కూడా లేదు. దానికి మనిషి కళ్లే కాపలా. తీగల మధ్య గాలి ఆడేలా దూరం ఉంచాలి. యూరియా ఎక్కువ వేసి ఆకు గుబురు పెంచకూడదు. పూత మొదలైన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు, చేనుకు నాలుగు మూలలా, మధ్యలో ఓ చోటా, ముదురాకులు తిప్పి చూడాలి. చుక్క పడిన ఆకు రెండో మూడో ఉన్నప్పుడే తుంచి, అక్కడే పడెయ్యకుండా సంచిలో వేసి తీసుకుపోయి పూడ్చెయ్యాలి.

ఇంకా ఒకటుంది. ఆఖరి కోత అయ్యాక తీగ పీకించాలంటే కూలి దండగని పాదుని అలాగే వదిలేస్తారు. సగం పచ్చగా, సగం తెల్లగా అది మరో మూడు వారాలు బతుకుతుంది. గాలి ఎటు వీస్తే అటు బీజాలు వదులుతూ. గట్టు అవతల పక్క రైతు అప్పుడే కొత్త దోస గింజ పెట్టి ఉంటాడు.